పట్టపరీక్ష ముగిసిన వెంటనే ఎం.బి.ఏ. చదువవలెనా?

ఏటేట డిగ్రీ పరీక్షల ఫలితములు వెలువడు దినములలో పంచాయతీ సభ్యుని యింటికి వచ్చు తల్లిదండ్రుల సంఖ్య పెరుగును. కొందరు ఆదాయ ధ్రువపత్రమునకు సాయము కోరి వత్తురు. కొందరు బ్యాంకు మేనేజరుతో ఒక మాట చెప్పుమని వత్తురు. పని ముగిసిన పిమ్మట, లేవబోవుచు వారు అడుగు ప్రశ్న యొకటి కలదు: "అయ్యా, మావాడు డిగ్రీ పూర్తిచేసినాడు. ఎం.బి.ఏ. చదివెదనని పట్టుపట్టినాడు. చేర్పింపమందురా, ఆగమందురా?"

ప్రశ్న చిన్నదిగా తోచును. కాని దాని వెనుక ఒక కుటుంబపు పొదుపు, కొన్నియెడల ఒక ఎకరము భూమి, ఒక యువకుని విలువైన రెండు సంవత్సరములు ఉన్నవి. సభ్యుడు కళాశాలలో చదివినవాడు కాకపోవచ్చును. అయినను ఆయన మాటకు గ్రామమున విలువ కలదు. "చదువు మంచిదే కదా, చేర్పించుము" అని చెప్పి పంపుట సులభము. ఆ మాట చెప్పుటకు ముందు తెలిసికొనదగిన విషయములను ఈ పాఠమున వివరించుచున్నాము.

ఈ విద్య యెట్టిది?

ఎం.బి.ఏ. యనునది వ్యాపారసంస్థలను నడుపు విధానమును నేర్పు ఉన్నత విద్య. సాధారణముగా దీనికి రెండు సంవత్సరములు పట్టును. జమాఖర్చులు, పెట్టుబడి, ఉత్పత్తి, సరుకుల అమ్మకము, ఉద్యోగులచేత పని చేయించు పద్ధతి మొదలగునవి ఇందలి పాఠ్యాంశములు. అమెరికాలో 1908లో ఏర్పడిన హార్వర్డు వ్యాపార విద్యాలయము ఈ పట్టమును మొదట ప్రవేశపెట్టినది. మన దేశమున 1961లో కలకత్తా, అహమ్మదాబాదు నగరములలో ఐ.ఐ.ఎం. అను పేర జాతీయ సంస్థలు వెలసినవి. విశాఖపట్టణమున అట్టి సంస్థ 2015లో ప్రారంభమైనది.

రెండు తెలుగు రాష్ట్రములలోను విశ్వవిద్యాలయములందును, ప్రైవేటు కళాశాలలందును ఈ విద్య లభించుచున్నది. ప్రవేశమునకు ఐసెట్ అను పరీక్ష కలదు. ఐ.ఐ.ఎం.లకు క్యాట్ అను పరీక్ష వేరుగా జరుగును. బి.ఏ., బి.కాం., బి.యస్‌సి., ఇంజనీరింగు - ఏది చదివినవారైనను తగిన మార్కులున్నచో ఈ పరీక్షలు వ్రాయవచ్చును. ఈ రెండు పరీక్షలును పూర్వానుభవమును కోరవు. నియమము కోరలేదు గనుక అనుభవము అక్కరలేదని పలువురు భావించుచున్నారు. పొరపాటు ఇచ్చటనే జరుగుచున్నది.

అనుభవమునకు గల విలువ

ఈ విద్యను బోధించుటలో ప్రసిద్ధమైన పద్ధతి యొకటి కలదు. ఒక సంస్థకు వచ్చిన చిక్కును విద్యార్థుల ముందుంచి, "మీరే ఆ స్థానమున నున్న నేమి చేయుదురు?" అని అడుగుదురు. మన గ్రామములకు తెలిసిన ఉదాహరణము చెప్పుకొందము. ఒక పాల సహకార సంఘమునకు వేసవిలో పాల రాక తగ్గినది. వ్యాను అద్దె తగ్గలేదు. బ్యాంకు కంతు గడువు వచ్చినది. రైతులు ధర పెంచుమనుచున్నారు. కార్యదర్శి ఏమి చేయవలెను?

ఒక యేడాదియైనను అట్టి సంఘమున చిట్టా వ్రాసినవాడు ఈ ప్రశ్నకు చెప్పు సమాధానము వేరు. పాలకేంద్రము గడప తొక్కనివాడు చెప్పునది వేరు. మడిలో దిగనివానికి నాట్లను గూర్చి పుస్తకమునుండి చెప్పిన నెంత నాటునో, పని చూడనివానికి నిర్వహణ విద్య అంతియే నాటును. పాఠము తప్పు కాదు. దానిని పట్టుకొను కొక్కెము విద్యార్థి మనస్సున ఇంకను ఏర్పడలేదు.

పెద్ద విద్యాసంస్థలు ఈ సంగతిని ఎరిగియే నియమములు చేసికొన్నవి. 2001లో హైదరాబాదున తరగతులు ప్రారంభించిన ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్, తన ముఖ్యమైన ఒక సంవత్సరపు కోర్సునకు సాధారణముగా రెండేండ్ల ఉద్యోగానుభవమును కోరును. అహమ్మదాబాదు ఐ.ఐ.ఎం. నడుపు ఒక సంవత్సరపు కోర్సునకు కనీసము 4 సంవత్సరముల అనుభవము ఉండవలెను. హార్వర్డు విద్యాలయము డిగ్రీ చివరి సంవత్సరపు విద్యార్థులను కొందరిని ఎంపిక చేసి, "సీటు నీదే, కాని కనీసము రెండేండ్లు పనిచేసి రమ్ము" అని పంపు పథకమును నడుపుచున్నది. సీటు ఇచ్చి కూడ ఆగి రమ్మనుటలోని ఆంతర్యమును మనము గ్రహింపవలెను.

వెంటనే చేరదగినవారు

అట్లని అందరును ఆగవలెనని చెప్పుట న్యాయము కాదు. ఈ క్రిందివారు వెంటనే చేరుట మేలు.

మొదటివారు, పోటీ పరీక్షలో మంచి స్థానము పొంది, ఐ.ఐ.ఎం.లోగాని, ప్రభుత్వ విశ్వవిద్యాలయపు స్వంత కళాశాలలోగాని సీటు సంపాదించినవారు. కొన్ని ఉత్తమ సంస్థలకు కంపెనీలు స్వయముగ వచ్చి, అనుభవము లేనివారిని కూడ ఉద్యోగములకు ఎన్నుకొనును. విశ్వవిద్యాలయ కళాశాలలలో రుసుము తక్కువగా నుండును గనుక నష్టభయము తక్కువ.

రెండవవారు, ఇంటిలో వ్యాపారమున్నవారు. తండ్రి ఎరువుల దుకాణములోనో, రైసుమిల్లులోనో చిన్ననాటినుండి లెక్కలు చూచినవానికి అనుభవము లేదనరాదు.

మూడవవారు, ఆగినచో మరల చదువు దక్కనివారు. ఈ సంగతిని సభ్యులు ప్రత్యేకముగ గుర్తింపవలెను. కుమారునకు "రెండేండ్లు పనిచేసి పిదప చదువుము" అని చెప్పుట సబబే. అదే మాట కుమార్తెకు చెప్పినచో, ఆ రెండేండ్లలో ఆమెకు వివాహము నిశ్చయించి చదువును కట్టిపెట్టు ఇండ్లు మన గ్రామములలో ఇంకను కలవు. అట్టి యింట ఆడపిల్లకు మంచి కళాశాలలో సీటు వచ్చినచో, ఆగుమను సలహా ఆమెకు మేలు చేయదు. ఒకే సలహా అందరికిని పనికిరాదు. అడిగినవారి యింటి పరిస్థితిని చూచి చెప్పవలెను.

వ్యయపు లెక్క

ఇప్పుడు లెక్కకు వత్తము. ఇది ఉదాహరణము మాత్రమే. సభ్యులు తమ గ్రామపు అంకెలను వేసికొని చూడవచ్చును.

ఒక విద్యార్థి రెండు సంవత్సరముల చదువునకు, వసతికి 5 లక్షల రూపాయలు అప్పు తీసికొన్నాడనుకొందము. వడ్డీ నూటికి 10 రూపాయలు. బ్యాంకు మొదటి యేట సగము, రెండవ యేట సగము ఇచ్చినది. చదువు ముగిసిన పిమ్మట ఒక సంవత్సరము గడువు ఇచ్చినది. గడువున్నంతమాత్రమున వడ్డీ ఆగదు. మూడేండ్లు ముగియునప్పటికి బారువడ్డీ 1,25,000 రూపాయలు చేరి అప్పు 6,25,000 అగును. దానిని పదేండ్లలో తీర్చుటకు నెలకు సుమారు 8,260 రూపాయలు కట్టవలెను. మొత్తము కట్టునది 9 లక్షల 90 వేలు దాటును.

రెండవ పద్దు కంటికి కనబడదు. అదే విద్యార్థి డిగ్రీ కాగానే నెలకు 18,000 రూపాయల ఉద్యోగములో చేరియుండినచో, రెండేండ్లలో 4,32,000 రూపాయలు సంపాదించియుండును. చదువునకు పెట్టిన ఖర్చులో ఈ పోయిన సంపాదనను కూడ చేర్చవలెను.

ఇక లాభము చూతము. చదువు ముగిసిన పిమ్మట అతనికి 25,000 రూపాయల జీతము వచ్చినదనుకొందము. పెరిగినది నెలకు 7,000. కట్టవలసిన కంతు 8,260. చదువుకొనియు అతడు వెనుకబడినాడు. అదే 40,000 రూపాయల జీతము వచ్చినచో కంతు తీర్చి, తల్లిదండ్రులకు కూడ పంపగలడు. కనుక "ఎం.బి.ఏ. లాభమా, నష్టమా?" అని అడుగుట కంటె, "ఏ కళాశాలలో ఎం.బి.ఏ.? అచ్చట చదివినవారికి ఏ జీతము వచ్చుచున్నది?" అని అడుగుట మేలు.

విద్యా ఋణములను గూర్చి కొన్ని సంగతులు సభ్యులకు తెలిసియుండవలెను. 7.5 లక్షల రూపాయల వరకు ఆస్తి తనఖా లేకుండ ఋణమిచ్చు పద్ధతి బ్యాంకులలో కలదు. అంతకు మించినచో సాధారణముగ ఆస్తిని హామీగా కోరుదురు. 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకము క్రింద, ఎంపిక చేయబడిన ఉన్నత విద్యాసంస్థలలో ప్రతిభవలన సీటు పొందినవారికి తనఖాగాని హామీదారుగాని లేకుండ ఋణము లభించును. ప్రతి కళాశాలయు ఈ జాబితాలో లేదు. పేరు ఉన్నదో లేదో ముందుగా విచారింపవలెను. బ్యాంకు ఋణము లభింపగలచోట, వడ్డీవ్యాపారి యొద్ద పొలము కాగితములు పెట్టుట తగదు.

కళాశాలను పరీక్షించు విధము

ప్రచార కార్యక్రమమునకై మేము ఒక గ్రామమునకు పోయినప్పుడు, ఒక రైతు తన గోడు చెప్పుకొన్నాడు. దళారి యొకడు ఇంటికి వచ్చి, నగరములోని కళాశాలలో సీటు ఇప్పింతుననియు, చదువు కాగానే ఉద్యోగము ఖాయమనియు చెప్పినాడు. రైతు కళాశాలను చూడకయే సొమ్ము కట్టినాడు. తరగతులు సరిగ జరుగకపోవుటచే కుమారుడు మానివేయుదుననగా, కళాశాలవారు అసలు సర్టిఫికెట్లు ఇచ్చుటకు నిరాకరించిరి. సర్టిఫికెట్లు లేక ఆ యువకునకు ఒక యేడాది ఉద్యోగము కూడ లేకపోయెను.

ఇట్లు అసలు సర్టిఫికెట్లను పట్టి యుంచుట తగదని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము 2018లో స్పష్టముగ ఉత్తర్వు చేసియున్నది. ప్రవేశ సమయమున అసలు పత్రములను సరిచూచి వెంటనే తిరిగి ఇచ్చివేయవలెను. ఆ సంగతి ఆ రైతునకు తెలియదు. ఆ గ్రామములో చెప్పినవారును లేరు.

కాబట్టి తల్లిదండ్రులను చేర్పించుటకు ముందు ఒకసారి కళాశాలకు స్వయముగ పోయి చూచి రమ్మనవలెను. కళాశాలకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి అనుమతియు, విశ్వవిద్యాలయపు గుర్తింపును కలవా? క్రిందటి యేడు చదివినవారిలో ఎందరికి, ఎచ్చట, ఎంత జీతమునకు ఉద్యోగములు వచ్చినవి? ఈ రెండవ ప్రశ్నను కార్యాలయములో అడిగిన చాలదు. గేటు బయట, హాస్టలులో, పాత విద్యార్థులను అడుగవలెను. ఉపకారవేతనము, రుసుము చెల్లింపు నియమములు కాలమునుబట్టి మారుచుండును గనుక, ఆ సంవత్సరపు ఉత్తర్వును సంబంధిత కార్యాలయములో తెలిసికొనవలెను.

ఆగినవారు చేయవలసినది

ఆగుట యనగా ఊరక కూర్చుండుట కాదు. లెక్కలు చూచు పని, అమ్మకపు పని, గిడ్డంగి పని, సహకార సంఘమున గుమాస్తా పని - వీనిలో ఏదైనను వ్యాపారపు పాఠశాలయే. 1956లో స్థాపింపబడిన ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు, వ్యాపార నిర్వహణ నగరముల సొత్తు మాత్రమే కాదని నిరూపించిన సంస్థ. రైతు ఉత్పత్తిదారుల సంఘములకును, మహిళా సమాఖ్యలకును లెక్క తెలిసిన పట్టభద్రుల అవసరము నేడు ఎంతయో కలదు.

తెలుగు మాధ్యమమున చదివినవారికి ఈ కాలము మరియొక విధమున ఉపకరించును. ఎం.బి.ఏ. బోధన ఆంగ్లమున జరుగును. ఒక సంవత్సరము పనిలో నలుగురితో మాటలాడినవానికి తరగతిలో నోరు పెగలును. ఉద్యోగము మానలేనివారికి మూడవ మార్గము కూడ కలదు. 1982లో హైదరాబాదున ఏర్పడి, నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయమని పిలువబడు సంస్థ, 1985లో ఏర్పడిన ఇందిరాగాంధి జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఇంటియొద్ద నుండియే ఎం.బి.ఏ. చదువుటకు అవకాశము కల్పించుచున్నవి.

పల్లెలకు సంబంధించిన నిర్వహణ విద్య కోరువారు, వర్గీస్ కురియన్ పూనికపై 1979లో గుజరాతులోని ఆనందులో నెలకొన్న గ్రామీణ నిర్వహణ సంస్థను, వ్యవసాయ పట్టభద్రులైనచో హైదరాబాదులోని మేనేజ్ సంస్థను గూర్చి విచారింపవచ్చును.

పంచాయతీ చేయదగిన పని

ఇందుకు నిధులు అక్కరలేదు. ఫలితములు వచ్చిన వారములో ఒక సాయంకాలము పంచాయతీ కార్యాలయమునకు ఆ యేటి పట్టభద్రులను, వారి తల్లిదండ్రులను పిలువవలెను. గ్రామమునుండి పోయి ఎం.బి.ఏ. చదివినవారిని, చదువక ఉద్యోగమున చేరినవారిని కూడ పిలిచి, జీతమెంత, అప్పెంత, ఏది బాగుగ జరిగినది, ఏది జరుగలేదు అను సంగతులను దాపరికము లేకుండ చెప్పింపవలెను. బ్యాంకు మేనేజరును కూడ ఆహ్వానింపవలెను. ప్రవేశ పరీక్షల తేదీలను నోటీసు బోర్డుపై వ్రాయింపవలెను.

చదువు వలదని చెప్పుటకు ఏ సభ్యునకును అధికారము లేదు. తొందరపడి అప్పుచేయవలదని చెప్పుట మాత్రము ఆయన ధర్మము. తుది నిర్ణయము ఆ విద్యార్థిది, ఆ కుటుంబముది. వారు లెక్క తెలిసి నిర్ణయించుకొనునట్లు చూచినచో సభ్యుని బాధ్యత నెరవేరినట్లే.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమునుండి గత ఐదేండ్లలో ఎం.బి.ఏ. చదివినవారెందరు? వారిలో చదువునకు తగిన పనిలో ఉన్నవారెందరు?

2. విద్యార్థి ఈ చదువును కోరుటకు కారణమేమి? ఏదైన పనిని ఉద్దేశించి కోరుచున్నాడా, ఉద్యోగము దొరకక కాలము గడుపుటకు కోరుచున్నాడా?

3. నెల కంతు ఎంత? చదువువలన పెరుగగల జీతమెంత? రెండింటిలో ఏది ఎక్కువ?

4. ఆగినచో ఈ యింటిలో చదువు మరల సాగునా? ముఖ్యముగ ఆడపిల్లల విషయమున మన గ్రామమిచ్చు సమాధానమేమి?