శ్రమ యింకను చాలదా?

సమస్య

మాది విజయనగరం జిల్లాలోని ఒక పల్లె. మా వైపు ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగ్ నేర్చుట వింత కాదు. నేనును బడిలో చదువునాటినుండియే బార్ పట్టినదానను. ఇప్పుడు డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నాను. మా కేంద్రమునకు నాకంటె చాల వెనుక వచ్చిన ఒక పిల్ల నన్ను మించిపోవుచున్నది. అది చూచి నేను తెల్లవారుజాము సాధనకు తోడు సాయంకాలము మరి రెండు గంటలు పెంచుకొంటిని, ఆదివారములును మానలేదు. అయినను ఇటీవలి పోటీలో స్నాచ్ బాగుగనే వచ్చినది కాని, క్లీన్ అండ్ జెర్క్‌లో ఆ పిల్లకంటె తక్కువతో మొదలుపెట్టుట చిన్నతనమనిపించి రెండు కిలోలు ఎక్కువే వేయించుకొనగా, మూడు ప్రయత్నములును తప్పి, నా పేరున మొత్తము అనునదే లేకపోయినది. కోచ్‌గారు “కష్టము చాలలేదు” అనిరి. నాన్న ఏమియు అనరు. అదియే నాకు ఎక్కువ బాధ. మోకాలు నొప్పి పెట్టుచున్నది, రాత్రి నిద్ర పట్టదు. ఆ పిల్ల గెలిచినప్పుడు చప్పట్లు కొట్టుటకు నాకు చేతులు రాలేదు. నేనింకను ఎంత కష్టపడవలెను? లేక మానివేయుటయే మేలా?

– ఒక లిఫ్టర్

సలహా

అమ్మాయీ, ఎన్ని గంటలు సాధన చేయుదువో, ఎవరికంటె ఎన్ని కిలోలు ఎక్కువ వేయించుకొంటివో, ఎవరేమనిరో అంతయు నీ లేఖలో ఉన్నది కాని, ఆ మూడు జెర్క్‌లును ఏ రీతిగా తప్పినవో తెలుపు వాక్యము ఒక్కటియు లేదు. బార్ ముందునకు జారినదా, తలవెనుకకు పోయినదా, లేక పైకి చేరియు మోచేయి వంగి మరల సాగుటచే న్యాయనిర్ణేతలు ఎర్రదీపము వెలిగించిరా? ఇవి వేర్వేరు దోషములు. దేని చికిత్స దానిదే. మోకాళ్లు వంచి బార్‌ను ఎగదన్ను క్షణమున దేహము ముందునకు వాలు అలవాటు నీకున్నచో, సాయంకాలపు రెండు గంటలును ఆ వాలునే నీకు మరింత గట్టిగా నేర్పుచున్నవన్నమాట.

మన యిండ్లలో కష్టపడువానిని తప్పుపట్టు ఆచారము లేదు. అందుచేతనే, ఓడినవాడు తన లోపమును తేరిపార జూచుటకు జంకి, శ్రమచాటున తలదాచుకొనుట కద్దు. నీవును అట్లే చేయుచున్నావని నా అనుమానము. కష్టము చాలలేదనుట ఏ శిక్షకునకైనను మిక్కిలి తేలికయైన తీర్పు. ఎక్కడ చాలలేదని వారిని అడుగు హక్కు నీకున్నది. బలము బార్ క్రింద ఉన్నంతసేపు పెరుగదు. అలసిన కండరము విశ్రాంతిలోను నిద్రలోను మరల కట్టుకొని పెరుగును. ఆదివారమును, నిద్రను తీసివేసి నీవు పెంచుకొన్నది అలసట మాత్రమే.

మొదటి బరువు విషయమున నీవు చేసిన నిర్ణయము నాకు దీనికంటెను పెద్ద సంగతిగా తోచుచున్నది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటనుండి బయలుదేరి, 1994, 1995 సంవత్సరములలో ప్రపంచవిజేతయై, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగమున కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరిగారి లెక్క చూడుము: స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు. వారికి పైన నిలిచిన యిద్దరును ఎత్తినది 242.5 కిలోల చొప్పున. చివరి ప్రయత్నమున వారు 137.5 కిలోలకు సాహసించిరి. అది నిలిచియుండినచో స్వర్ణమే, కాని నిలువలేదు. అంత బరువు ఏల వేయించుకొనిరని తర్కించువారు కలరు. ఆ తర్కములోనికి నేను దిగను. నీవు గమనింపవలసినది, 130 కిలోలు నిలిచిన పిమ్మటనే ఆ సాహసము జరిగినదని. తప్పినను, చేతికందిన మొత్తము చెదరలేదు. నీవో, ఆ సాహసమును మొదటి ప్రయత్నముననే, అదియు ఏ పతకముకొరకును గాక ఆ పిల్లకంటె తక్కువగా కనబడకుండుటకై చేసితివి. ఒకమారు ఎత్తబోయి తప్పిన బరువునుండి క్రిందికి దిగుటకు నియమము ఒప్పదని నీకు నేను చెప్పవలెనా? ఇకమీదట, రాత్రి నిద్ర చాలని నాడైనను ఎత్తగల బరువుతో మొదలుపెట్టుము. ఆ పిల్ల ఎంత వేయించుకొన్నదో బోర్డు మీద చూడకుము.

చప్పట్లు కొట్టలేకపోతినని కుమిలిపోవలదు. నీ వయసున ఎవరికైనను అంతే. దానికి ప్రాయశ్చిత్తముగా, నీ జెర్క్‌ను ప్రక్కనుండి సెల్‌ఫోనులో వీడియో తీయుమని ఆ పిల్లనే అడుగుము. ముందునుండి తీసిన చిత్రములో బార్ ఎటు జారినదో తెలియదు. తప్పిన ప్రతి ఎత్తునకును బరువు, తప్పిన తీరు, ఆ నాటి నిద్ర ఒక నోట్‌బుక్కులో వ్రాసి, ఆ పుటలను కోచ్‌గారి ముందు పెట్టుము. అప్పుడు వారును కష్టము చాలలేదను ఒక్క మాటతో సరిపెట్టజాలరు.

మానివేయుట మాట ఇప్పుడు తేల్చకుము. తగ్గించిన మొదటి బరువుతో ఒక పోటీ చూచి, అప్పటికిని బార్ దగ్గరకు పోవుటకు మనసు రాకున్నచో మానివేయుము. అందులో అవమానమేమియు లేదు, నాన్నగారితోను ఆ మాట నీవే ముందుగా చెప్పవచ్చును. మోకాలి నొప్పిని మాత్రము అంతవరకు ఓర్చుకొనకుము. ఈ వారమే వైద్యునకు చూపించి, ఆయన సరేననువరకు సాయంకాలపు గంటలు ఆపివేయుము.