కంచంలో పూర్తయ్యే వంట

కొల్లూరు

చిరంజీవి అబ్బాయికి,

నీ మెసేజి చూశాను. హాస్టల్ వదిలేసి నలుగురూ కలిసి ఫ్లాట్ తీసుకున్నారని, బయటి తిండితో కడుపు పాడైందని, నెలకు సరిపడా వంటల జాబితా ఒకటి రాసి పంపమని అడిగావు. పంపను. ముప్పై వంటలు రాసిస్తే ముప్పై రకాల సామాన్లు కొంటావు, మూడో రోజుకే విసుగొచ్చి మళ్ళీ ఫోన్లో ఆర్డరు పెడతావు. అన్నం, పప్పు, ఒక కూర. ముందు ఇవి చేతికి వస్తే చాలు.

అంతేనా అంటావని తెలుసు. మన వంట పొయ్యి మీద పూర్తి కాదురా, కంచంలో పూర్తవుతుంది. ముద్దపప్పు ఒక్కటే నోట్లో వేసుకుంటే చప్పగా ఉంటుంది. వేడన్నంలో కలిపి, నెయ్యి వేసి, పక్కన ఆవకాయ బద్ద పెట్టుకో, అప్పుడు చూడు. ఆ కలపడం వండినవాళ్ళ పని కాదు, తినేవాళ్ళ పని. మన ఇంట్లోనే చూడు. చంటిదానికి అదే పప్పు నెయ్యితో మెత్తగా పిసికి పెడతాం. మీ మావయ్యకు ఆవకాయ నంజుకోకపోతే ముద్ద దిగదు. బీపీ మాత్రలు వేసుకునే తాతయ్య ఊరగాయ జోలికి పోకుండా నిమ్మచెక్క పిండుకుంటారు. వండింది ఒక గిన్నెడు, తిన్నది మూడు రుచులు. హోటలువాడు ఉప్పూ కారం మసాలా అన్నీ తనే తేల్చేసి డబ్బాలో పెట్టి పంపుతాడు, నీకు మిగిలేది నమలడమే. మీలో ఒకడు కారం ముట్టడని, ఇంకొకడు రాయలసీమవాడని, కారం లేనిదే తినడని రాశావు కదా. దానికి రెండు కూరలెందుకు? పప్పు కమ్మగా వండి, కారాన్ని సీసాల్లో ఉంచండి. ఎవరి కంచంలో వాళ్ళు తేల్చుకుంటారు.

పప్పు సంగతి. నలుగురికి గ్లాసుడు కందిపప్పు. నూనె లేకుండా బాణలిలో సన్నసెగ మీద వేయించు. రంగు మారేదాకా ఉండక్కర్లేదు, కమ్మని వాసన రాగానే దించెయ్. కడిగి, రెండున్నర గ్లాసుల నీళ్ళు, చిటికెడు పసుపు వేసి కుక్కర్లో నాలుగు కూతలు రానివ్వు. ఆవిరి దానంతట అది పోయాక మూత తీసి, ఉప్పు వేసి, పప్పుగుత్తితో ఎనుపు. మరీ గుజ్జు చెయ్యకు, అక్కడక్కడా బద్ద పంటికి తగలాలి. పుల్లటి పప్పు చేసిన రోజున మాత్రం ఒకటి గుర్తుంచుకో. చింతపండు రసం పప్పు మెత్తబడ్డాకే పోయాలి. పులుపు ముందే తగిలితే బద్ద బిగుసుకుపోయి ఎన్ని కూతలొచ్చినా ఉడకదు.

బియ్యం కొనేటప్పుడు బీపీటీ అని అడుగు. ఆ బీపీటీ అంటే మన బాపట్లే. సాంబ మసూరి అనే ఆ 5204 రకం అక్కడి పరిశోధన కేంద్రంలో పుట్టి 1986లో రైతుల చేతికొచ్చింది. కొత్త బియ్యమా పాతవా అని కూడా అడగాలి. కొత్తవాటికి నీళ్ళు తగ్గించకపోతే ముద్దవుతుంది. పాతవి గ్లాసుకు రెండు, రెండున్నర దాకా పీలుస్తాయి. ఈ మధ్య అందరికీ అన్నం పలుకుపలుకుగా ఉండాలన్న పిచ్చి పట్టింది. పులిహోరకైతే సరే. పప్పన్నానికి మెతుకు కొంచెం మెత్తగా ఉంటేనే పప్పుతో కలుస్తుంది.

ఇక కూర. హైదరాబాద్‌లో కొల్లూరు అనగానే కోహినూరు దొరికిన ఊరా అంటున్నారని రాశావు. ఆ కొల్లూరు వేరని చెప్పు. అది ఎగువన, పులిచింతల ముంపులో మునిగిపోయింది. మన కొల్లూరులో తవ్వితే దొరికేది కంద. పెసర్లంక, గాజుల్లంక, పోతార్లంక, కరకట్ట అవతల ఏ లంకకు వెళ్ళినా అరటి, పసుపు, కంద. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు వదిలినప్పుడు ఆ తోటలన్నీ ఎలా మునిగాయో నువ్వు టీవీలో చూసే ఉంటావు. అలాంటి రోజుల్లో కూరగాయల బండి రాదు. ఇంట్లో పప్పు డబ్బా, ఊరగాయ జాడీ, మూల పడున్న కంద దుంప ఉంటే పూట గడిచిపోతుంది. మన భోజనం ఇలా తయారైంది ఏటి పక్కన బతికినందుకే అని నా అనుమానం.

కంద బచ్చలి చెయ్యి. చేతికి నూనె రాసుకుని చెక్కు తీసి, చిన్న ముక్కలు తరుగు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు అంటారు గానీ, కందకు దురద ఉన్న మాట నిజమే. అందులో కాల్షియం ఆక్సలేట్ సన్నటి సూదుల్లా ఉంటుంది, చర్మానికీ గొంతుకీ గుచ్చుకునేది అదే. చింతపండు పులుపు పడితే ఆ దురద అణుగుతుంది. ముక్కల్ని ముందు పసుపు వేసి మెత్తగా ఉడికించు, తరువాత తరిగిన బచ్చలాకు, చింతపండు రసం, ఉప్పు, పచ్చిమిర్చి వేసి దగ్గర పడనివ్వు. గరిటెతో మెదిపి, శనగపప్పు, మినప్పప్పు, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో పోపు పెట్టి దించు. ఆవ ఆ తరువాతే. చెంచాడు ఆవాలు, ఒక ఎండుమిర్చి, రవ్వంత ఉప్పు చల్లటి నీళ్ళతో నూరుకుని ఉంచుకో. కూర గోరువెచ్చగా అయ్యాక కలుపు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఘాటు ఎగిరిపోయి చేదు మిగులుతుంది. బాగా కలిసిన ఆవ ముక్కు దాకా ఎక్కి దిగాలి.

ఆదివారం పొద్దున దిబ్బరొట్టె. గ్లాసుడు మినప్పప్పు నానబెట్టి రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి రొట్టె అంతా ఒక్కటే పొయ్యి, మూత పెట్టి, సన్నసెగ మీద వదిలెయ్. అడుగు ఎర్రగా కరకరలాడే దాకా కదపకు. నలుగురూ కూర్చుని తుంచుకోవాల్సిందే, అంచు కోసం కొట్టుకోవాల్సిందే. ఒకప్పుడు ఆ మినుములు మన చేలోవే. వరి కొయ్యకముందే పదునున్న చేలో చల్లేవాళ్ళం, కోత అయ్యేసరికి మొలక నిలబడేది, నేలలో మిగిలిన తేమతోనూ మంచుతోనూ పండేది. పల్లాకు తెగులు వచ్చి వచ్చి చాలామంది మొక్కజొన్నకు మారిపోయారు. ఇప్పుడు మేమూ కొట్లోనే కొంటున్నాం.

పుస్తకం కావాలంటే మాలతీ చందూర్ గారి ‘వంటలు-పిండివంటలు’ కొనుక్కో. మా తరంలో కొత్త కాపురానికి వెళ్ళే పిల్లకు చాలా ఇళ్ళలో సారెతో పాటు ఆ పుస్తకం కూడా పెట్టేవారు. మగపిల్లలకు ఎవరూ పెట్టలేదు. అందుకే ఈ ఉత్తరం రాయాల్సి వచ్చింది.

వడ్డన మాటా చెప్పాలి. ముందు పప్పూ నెయ్యీ, తరువాత కూర, పచ్చడి, ఆపైన పులుసో చారో, చివర పెరుగు. ఆకలి మీద ఉన్నప్పుడు కమ్మనిది తింటే కడుపు కుదుటపడుతుంది, కారానికి మండిన నోరు పెరుగుతో చల్లబడుతుంది. ఇందులో పెద్ద శాస్త్రం ఏమీ లేదు, తిని చూసి కుదుర్చుకున్న వరస.

కానీ ఎవరు వడ్డిస్తారన్నది చిన్న విషయం కాదు. మా చిన్నప్పుడు మగవాళ్ళ పంక్తి, పిల్లల పంక్తి లేచాక ఆడవాళ్ళు కూర్చునేవారు. వాళ్ళకు మిగిలేది చల్లారిన అన్నం, అడుగున మాడిన కూర. దాన్ని ఉమ్మడి కుటుంబంలో సహపంక్తి భోజనం అని మురిసిపోతూ రాసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వండిన మనిషి లేని పంక్తి సహపంక్తి ఎలా అవుతుంది? మీ అమ్మా నేనూ పట్టుబట్టి గిన్నెలన్నీ మధ్యకు తెచ్చాం. అందరం ఒకేసారి కూర్చుంటాం, కావాల్సింది ఎవరికి వారే వడ్డించుకుంటాం. మొదట్లో నానమ్మ మూతి ముడిచింది. నాలుగు రోజులు వేడి వేడిగా తిన్నాక మరి మాట్లాడలేదు. మీ ఫ్లాట్‌లోనూ అంతే. వండినవాడు వడ్డించకూడదు, అంట్లు తోమకూడదు. నలుగురూ రాత్రి ఎనిమిదిన్నరకో తొమ్మిదికో ఒక వేళ అనుకోండి. ఆఫీసు కాల్ ఉన్నవాడి కోసం పావుగంట ఆగండి, గంట ఆగక్కర్లేదు, వాడికి తీసి పెట్టండి. ఫోన్లు వంటింట్లో పెట్టేసి రండి. మాటలు వాటంతట అవే వస్తాయి. రాకపోతే పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవడో ఒకడు మొదలుపెడతాడు.

వచ్చే వారం మావయ్య పని మీద హైదరాబాద్ వస్తున్నారు. కంద దుంప ఒకటి, ఆవకాయ సీసా, మాగాయ సీసా, దుగ్గిరాల పసుపు, ఒక పప్పుగుత్తి పంపుతున్నాను. పప్పు మిక్సీలో తిప్పావో, ఫోటో చూడగానే నాకు తెలిసిపోతుంది. సీసాలు కడిగి, ఎండలో ఆరబెట్టి ఆయనకే ఇచ్చి పంపు. ఖాళీ సీసాలు రాకపోతే వచ్చే ఏడు ఊరగాయ లేదు.

ఇట్లు,
మీ అత్తయ్య