టీవీలో నల్లపట్టీలు: తాత తల ఎక్కడ పోయింది?

పోయిన దసరా సెలవులకు తాండూరులో మా మేనమామ వాళ్ళింటికి వెళ్ళాను. మామ నాపరాయి పాలిషింగ్ యూనిట్‌లో పనిచేస్తాడు. బండ కొలతలో అర ఇంచు తేడా వచ్చినా ఒప్పుకోని మనిషి. సరిగ్గా ఆ వారమే 43 ఇంచుల టీవీ కొన్నాడు. రాత్రి భోజనాలయ్యాక అందరం కూర్చుని సినిమా పెట్టాం. పేర్లు పడుతుండగానే మామ లేచి టీవీ దగ్గరికి వెళ్ళి, జేబులోంచి టేపు తీసి కొలవడం మొదలుపెట్టాడు.

"ఏం అల్లుడా, ఇంజనీరింగ్ చదువుతున్నవ్ గదా. గీ నల్లపట్టీలేంది? 43 ఇంచులకు పైసల్ గట్టిన. పైన, కింద కలిపి ఐదించుల మీదనే ఉత్తగ పాయె. షాపోడు ముంచిండా ఏంది?"

నిజం చెప్పొద్దూ, నాకు జవాబు తెలియదు. "సినిమా అట్లనే ఉంటది మామా" అని తప్పించుకున్నాను. మామ ఊరుకోలేదు. రిమోట్‌లో ఏదో నొక్కి 'జూమ్' పెట్టాడు. పట్టీలు మాయం. తెర నిండా బొమ్మ. "సూడు, నీ చదువుకంటే నా రిమోటే నయం" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ జూమ్ మాకు ఎంత పని చేసిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. ఆ కథ చివర్లో చెప్తాను. ముందు మామ అడిగిన ప్రశ్న సంగతి చూద్దాం.

ఆస్పెక్ట్ రేషియో అంటే

బొమ్మ వెడల్పును ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఆస్పెక్ట్ రేషియో. అంతకు మించి ఏమీ లేదు. పాత డబ్బా టీవీ 4:3, అంటే 1.33. ఇప్పటి టీవీలు 16:9, అంటే 1.78. ఇప్పుడు మనం చూసే పెద్ద తెలుగు సినిమాలు ఎక్కువగా 2.39 దగ్గర ఉంటాయి. దీన్నే 'స్కోప్' అంటారు. సంఖ్య పెరిగేకొద్దీ బొమ్మ వెడల్పు, సంఖ్య తగ్గేకొద్దీ బొమ్మ చదరం వైపు.

ఇంచులకూ దీనికీ సంబంధం లేదని గుర్తుపెట్టుకోండి. 43 ఇంచులు అనేది మూల నుంచి మూలకు కొలత, అంటే కర్ణం. అది సైజు చెప్తుంది కానీ ఆకారం చెప్పదు.

ఇన్ని ఆకారాలు ఎందుకు?

మూగ సినిమాల రోజుల్లో 35 ఎంఎం ఫిల్ము ఫ్రేము సుమారు 1.33 ఉండేది. ఫిల్ము మీదే శబ్దానికి కూడా చోటు ఇవ్వాల్సి వచ్చాక, 1932లో హాలీవుడ్‌లో 1.37 ప్రమాణంగా స్థిరపడింది. మన పాత తెలుగు బ్లాక్ అండ్ వైట్ సినిమాలు దాదాపు ఈ ఆకారంలోనే ఉంటాయి. తర్వాత వచ్చిన టీవీ కూడా దాన్నే అనుసరించి 4:3 పెట్టుకుంది.

ఇంట్లో టీవీ రావడంతో అమెరికాలో థియేటర్లకు జనం తగ్గారు. ఇంట్లో దొరకనిది హాల్లో చూపించాలి కదా. అట్లా 1953లో 'ద రోబ్' సినిమాతో సినిమాస్కోప్ వచ్చింది. ఇందులో తమాషా అంతా లెన్సులో ఉంది. కెమెరాకు పెట్టే అనామార్ఫిక్ లెన్సు వెడల్పాటి దృశ్యాన్ని అడ్డంగా సగానికి నొక్కి, మామూలు 35 ఎంఎం ఫిల్ము మీదే పట్టిస్తుంది. ప్రొజెక్టర్‌కు పెట్టే లెన్సు దాన్ని మళ్ళీ రెండింతలు సాగదీస్తుంది. ప్రొజెక్టర్‌కు ఆ లెన్సు లేదనుకోండి, తెర మీద హీరో వెదురుబొంగులా సన్నగా, పొడుగ్గా కనిపిస్తాడు.

మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం గురుదత్ తీసిన 'కాగజ్ కే ఫూల్', 1959. తెలుగులో మొదటిది కృష్ణ నటించిన 'అల్లూరి సీతారామరాజు', 1974. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. మన్యం కొండలు, అడవి, గుంపులుగా జనం ఉన్న కథకు వెడల్పు తెర ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు. తెలుగులో మొదటి 70 ఎంఎం సినిమా 'సింహాసనం' కూడా కృష్ణదే, 1986.

అనుమానముంటే మీరే పరీక్షించుకోండి. మేం ముగ్గురం ఫ్రెండ్స్ వికారాబాద్ దగ్గర అనంతగిరి మీదికి వెళ్ళి ఒకే చోటు నుంచి ఫోన్‌తో ఫోటోలు తీశాం. కొండల వరుసకు వెడల్పు ఫ్రేమే బాగుంది. అనంతపద్మనాభస్వామి గుడి గోపురానికి వచ్చేసరికి 4:3 నిలువు ఫ్రేమే సరిపోయింది. ఏ ఆకారమూ గొప్పది కాదు, ఏదీ తక్కువది కాదు. ఏం చూపించాలో దాన్ని బట్టి తీసేవాళ్ళు ఎంచుకుంటారు.

మరి టీవీకి 16:9 ఎక్కడిది?

హెచ్‌డీ టీవీ గురించి ఆలోచనలు సాగుతున్న 1980లలో కెర్న్స్ పవర్స్ అనే అమెరికన్ ఇంజనీరు అప్పటికి వాడుకలో ఉన్న ఆకారాలన్నిటికీ ఒకే వైశాల్యం ఉండేలా దీర్ఘచతురస్రాలు గీసి, ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటినీ తనలో పట్టించుకునే పెద్ద దీర్ఘచతురస్రం, అన్నిటికీ ఉమ్మడిగా ఉండే చిన్న దీర్ఘచతురస్రం, రెండూ సుమారు 1.78 ఆకారంలోనే వచ్చాయి. మనకు గణితంలో జియోమెట్రిక్ మీన్ ఉంది కదా. 1.33ను 2.35తో గుణించి వర్గమూలం తీయండి, 1.77 వస్తుంది.

అంటే 16:9 ఏ పాత ఆకారానికీ పూర్తిగా సరిపోదు. అన్నిటితోనూ కొంత కొంత సర్దుకునే మధ్యవర్తి. కాబట్టి సర్దుబాటు కోసం నల్లపట్టీలు పుట్టడం ఖాయం. షాపువాడు ముంచలేదు మామా!

లెక్క చేద్దాం

ఫుల్ హెచ్‌డీ టీవీలో అడ్డంగా 1920, నిలువుగా 1080 పిక్సెల్స్ ఉంటాయి. నియమం ఒక్కటే: సినిమా సంఖ్య 1.78 కంటే ఎక్కువైతే పట్టీలు పైన, కింద వస్తాయి. తక్కువైతే కుడి, ఎడమల వస్తాయి.

స్కోప్ సినిమా, 2.39: వెడల్పు 1920 మొత్తం వాడుకుంటే, ఎత్తు 1920 ÷ 2.39 = 803. మిగిలినవి 277 వరసలు. పైన సగం, కింద సగం. తెరలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువే ఖాళీ. మామ టీవీ వెడల్పు 37.5 ఇంచులు, ఎత్తు 21.1 ఇంచులు. బొమ్మ ఎత్తు 15.7 ఇంచులు. తేడా 5.4. మామ టేపు కొలత కరెక్టే!

పాత 4:3 వీడియో: ఎత్తు 1080 మొత్తం వాడుకుంటే, వెడల్పు 1440. మిగిలిన 480లో కుడివైపు 240, ఎడమవైపు 240.

నిలువుగా తీసిన ఫోన్ వీడియో, 9:16: వెడల్పు దాదాపు 607 మాత్రమే. తెరలో మూడో వంతు కూడా నిండదు. బతుకమ్మ ఆట గుండ్రంగా, వెడల్పుగా ఉంటుంది. దాన్ని ఫోన్ నిలువుగా పట్టుకుని తీసి, "టీవీలో చిన్నగ వస్తుంది" అంటే టీవీ ఏం చేస్తుంది చెప్పండి. ఫోన్‌ను అడ్డంగా తిప్పాలి.

ఇంకో వింత కూడా చూసుంటారు: నాలుగు వైపులా నల్ల చట్రం, మధ్యలో చిన్న బొమ్మ. స్కోప్ సినిమాకు పైన, కింద పట్టీలు వేసి 4:3లో చేసిన పాత కాపీని ఇప్పటి టీవీలో వేస్తే ఇట్లా వస్తుంది. పట్టీలు కూడా బొమ్మలో భాగమైపోయాయి, దానికి తోడు టీవీ పక్కల మరో రెండు చేర్చింది. తెరలో 42 శాతం మాత్రమే వాడకంలో ఉంటుంది. నిజంగా జూమ్ ఉపయోగపడేది ఇక్కడే. ఇక 'ద డార్క్ నైట్' బ్లూరేలో కొన్ని సీన్లకు పట్టీలు ఉండి, ఐమాక్స్ కెమెరాతో తీసిన సీన్లకు మాయమవుతాయి. అది కావాలని చేసిందే.

పట్టీలు పోవాలంటే ఏం ఇవ్వాలి?

దారులు రెండే. ఒకటి, సాగదీయడం. 4:3 బొమ్మను తెర నిండా సాగదీస్తే ప్రతి మనిషీ 33 శాతం లావవుతాడు. గుండ్రటి బొట్టు కోడిగుడ్డులా అవుతుంది. స్కోప్ బొమ్మను నిలువుగా సాగదీస్తే అందరూ పొడుగవుతారు.

రెండోది, కోసేయడం. అదే జూమ్. స్కోప్ సినిమాను జూమ్ చేస్తే కుడి, ఎడమల కలిపి నాలుగో వంతు బొమ్మ తెర బయటికి పోతుంది. ఆ మూల నిలబడి మాట్లాడే మనిషి గొంతు వినిపిస్తుంది, మనిషి కనిపించడు. 4:3 బొమ్మను జూమ్ చేస్తే పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు పోతాయి. అంటే తలలు, కాళ్ళు.

పాత సినిమాలను కొత్త తెరకు మార్చేవాళ్ళకూ ఇదే చిక్కు. 1957 నాటి 'మాయాబజార్'ను రంగులద్ది, స్కోప్ ఆకారానికి మార్చి 2010 జనవరిలో విడుదల చేశారు. 1.37 ఫ్రేమును సాగదీయకుండా 2.35 చేయాలంటే ఎత్తులో 42 శాతం వదులుకోవాలి. మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో ఘటోత్కచుడి కిరీటం నుంచి ముందున్న గిన్నెల దాకా పొందిగ్గా అమర్చిన ఫ్రేములవి. ఏది ఉంచాలో, ఏది తీయాలో షాటు షాటుకూ తేల్చుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

ఇక క్యాసెట్ సంగతి

మామ పెళ్ళి 1996లో అయింది. వీహెచ్ఎస్ క్యాసెట్ ఇనుప పెట్టెలో భద్రంగా ఉంది. నేను వెళ్ళే ముందే మామ దాన్ని ఒక స్టూడియోలో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. కొత్త టీవీ కొన్నదే దానికోసమన్నట్టు, రెండో రోజు పొద్దున అందర్నీ కూర్చోబెట్టి పెట్టాడు.

మా తాత నేను పుట్టకముందే పోయాడు. ఇంట్లో ఫోటోలు రెండున్నాయి. కదిలే తాత ఉన్నది మాత్రం ఆ క్యాసెట్‌లోనే. అమ్మమ్మ కళ్ళద్దాలు తుడుచుకుని టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది.

అక్షింతలు వేసే ఘట్టం వచ్చింది. పీటల మీద మామ, అత్త. వెనక నిలబడ్డ పెద్దవాళ్ళు. తెల్ల ధోవతి, ముందుకు చాచిన చెయ్యి, భుజం మీద కండువా. ఆ పైన ఏమీ లేదు, తెర అంచు. మళ్ళీ వెనక్కి తిప్పాం. ఎన్నిసార్లు చూసినా చెయ్యి అక్షింతలు వేస్తుంది, ముఖం రాదు.

"మీ తాత రుమాలు గట్టుకున్నడు ఆ దినం. ఏదిరా?" అంది అమ్మమ్మ.

నాకు అప్పుడు వెలిగింది. టీవీలో 'ఒరిజినల్' పెట్టి చూశాను. మారలేదు. ఫైలు వివరాలు చూస్తే 16:9. స్టూడియోలోనే కోసేశారు. వాళ్ళను అడిగితే, "పక్కల నల్లగ వస్తే అందరు వాపస్ తెస్తరు సార్, అందుకే ఫుల్ స్క్రీన్ చేసిస్తం" అన్నారు. అంటే తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు, పట్టీలు చూసి గొడవపడే మనందరిదీ.

మామకు ఇట్లా చెప్పాను: "రిమోట్‌లో జూమ్ అంటే బండ మీద సుద్దముక్కతో గీత గీసినట్టు మామా. వద్దనుకుంటే తుడిపేయొచ్చు. ఫైలులో కోసిండ్రంటే రంపం నడిచినట్టే." మామ ఇంకేం అడగలేదు. చెప్పులు వేసుకుని క్యాసెట్ పట్టుకుని స్టూడియోకు బయలుదేరాడు.

ఈసారి 4:3లోనే, ఏమీ కోయకుండా ఎక్కించుకొచ్చాం. తెర రెండు పక్కలా నల్లపట్టీలు. మధ్యలో రుమాలు కట్టుకున్న తాత. అక్షింతలు వేసి, ఎవరో ఏదో అంటే అటు తిరిగి నవ్వాడు. నవ్వితే అచ్చం మా మామే. అమ్మమ్మ ఆ నవ్వు నాలుగుసార్లు పెట్టించుకుంది. పట్టీల గురించి ఎవరూ మాట్లాడలేదు.

మీరు చేయాల్సింది

మీ టీవీ సెట్టింగ్స్‌లో 'పిక్చర్ సైజ్' లేదా 'ఆస్పెక్ట్ రేషియో' అని ఉంటుంది. దాన్ని 'ఒరిజినల్', 'జస్ట్ స్కాన్', 'స్క్రీన్ ఫిట్'... మీ కంపెనీ ఏ పేరు పెడితే ఆ పేరు, బొమ్మ మొత్తం చూపించే దాంట్లో ఉంచండి. గుండ్రంగా ఉండాల్సిన వస్తువు గుండ్రంగా ఉందో లేదో చూడండి, అదే అన్నిటికంటే సులువైన పరీక్ష.

ఇంట్లో పాత క్యాసెట్లుంటే త్వరగా ఎక్కించండి. టేపు ఏటేటా పాడవుతూనే ఉంటుంది. ఇచ్చేటప్పుడు "4:3లోనే కావాలి, కోయొద్దు, సాగదీయొద్దు" అని కాగితం మీద రాసివ్వండి. ఫైలు చేతికొచ్చినా, తెరిచి చూసేదాకా క్యాసెట్ పారేయకండి.

చివరగా ఒక లెక్క మీకు. 1.85 సినిమాను 1920 × 1080 తెర మీద వేస్తే పైన ఎన్ని వరసలు, కింద ఎన్ని వరసలు ఖాళీగా ఉంటాయి? జవాబు వచ్చినవాళ్ళు క్లబ్ గదిలో కలవండి. మామ పంపిన తాండూరు కందిపప్పు ఇంకా కొంచెం ఉంది!