చేపల తొట్టిలో నైట్రేట్ తగ్గాలంటే ఏ ఫిల్టర్ పెట్టాలి? ఆ నీళ్లు మామిడికి ఎప్పుడు పెట్టకూడదు?

మా చాట్రాయి వైపు మామిడి తోటల్లో బోరు పక్కన సిమెంటు తొట్టి కట్టుకుని, అందులో నాలుగు బొచ్చెలు, శీలావతులు వదులుకునే వాళ్లున్నారు. ఆ నీళ్లే డ్రిప్‌కి వెళ్తాయి. పై వీడియోలో చూపించింది అలాంటి తొట్టే. "నైట్రేట్ ఎక్కువ చూపిస్తోంది, ఏ ఫిల్టర్ కొనాలి?" అని అడుగుతున్నారు. కొనే ముందు ఒక్క మాట వినండి. మామూలు చేపల తొట్టి ఫిల్టర్ నైట్రేట్‌ని తీసెయ్యదు, తయారుచేస్తుంది.

ఎలాగంటే, చేప తిన్న మేతలోని మాంసకృత్తులు అమ్మోనియాగా బయటికొస్తాయి. అది చేపకు విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్ చేస్తాయి, అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తాయి. మన ఆచ్ఛాదన కింద నేలలో జరిగేదీ ఇదే. ఫిల్టర్‌లో వేసే కంకర, స్పాంజి, ప్లాస్టిక్ ముక్కలు ఈ జీవులకు ఇల్లు, అంతే. వాటికి గాలి కావాలి. క్లోరిన్ నీళ్లతో కడిగితే చస్తాయి. అందుకే స్పాంజిని తొట్టి నీళ్లలోనే పిండి మళ్లీ పెట్టమంటాను. ఈ ఫిల్టర్ అవసరమే, అది లేకపోతే చేపలు అమ్మోనియాకే పోతాయి. కానీ చివర్లో మిగిలే నైట్రేట్‌ని బయటికి పంపే దారి మనమే చూడాలి.

ఎంత మిగులుతుందో ఒక లెక్క వేద్దాం. 30 శాతం ప్రోటీన్ ఉన్న మేత కిలోలో సుమారు 48 గ్రాముల నత్రజని ఉంటుంది. చేప ఒంటికి పట్టేది అందులో పావు వంతు నుంచి మూడో వంతు. మిగతా 35 గ్రాములూ నైట్రేట్‌గా మారితే 150 గ్రాములకు పైనే. 10,000 లీటర్ల తొట్టిలో అది లీటరుకు 15 మిల్లీగ్రాములు. మీరు వేసే ప్రతి కిలో మేతకూ ఇంత పెరుగుతుందన్నమాట. ఫిల్టర్ ధర అడిగే ముందు మేత బస్తా ఎన్నాళ్లకు ఖాళీ అవుతోందో చూసుకోండి.

డ్రిప్‌కి ఉన్న ఫిల్టర్ చాలదా అంటారు. చాలదు. హైడ్రోసైక్లోన్ బోరు ఇసుకని ఆపుతుంది, శాండ్ ఫిల్టర్ నాచుని, స్క్రీన్ ఫిల్టర్, డిస్క్ ఫిల్టర్ సన్న నలకల్ని ఆపుతాయి. నైట్రేట్ నీళ్లలో కరిగిపోయిన ఉప్పు, వడపోతకు దొరకదు. పైగా శాండ్ ఫిల్టర్‌ని బ్యాక్‌వాష్ చెయ్యకుండా వదిలేస్తే, ఆగిన చెత్త అందులోనే కుళ్లి మళ్లీ అమ్మోనియా అవుతుంది.

ఈ నైట్రేట్‌తో మనకంటే ఎక్కువ తిప్పలు పడేది ఇంట్లో ఉప్పునీటి తొట్టి పెట్టి సముద్రపు చేపలు, పగడాలు పెంచేవాళ్లు. (మన దగ్గర రాతి పగడాలు 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రం నుంచి తేవడం నేరం, సరదాకి కూడా ఆ పని వద్దు.) జకార్తాలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఫిల్టర్లే లేకుండా, సముద్రపు నీళ్లు, జీవమున్న రాళ్లు, గాలి బుడగలతో తొట్లు నడిపి, ఆ పద్ధతిని 1961లో పత్రికలో రాశారు. నాకైతే అది మన ప్రకృతి సేద్యం లాగే అనిపించింది. ఆ రాయి పైపొరలో గాలి ఉంటుంది, లోపల ఉండదు. లోపలి జీవులు నైట్రేట్‌లోని ప్రాణవాయువుని వాడుకుని, నత్రజనిని గాలిలోకి వదిలేస్తాయి. నీళ్లు నిలిచిన వరి మడిలో నత్రజని ఎగిరిపోయేదీ ఇలాగే. తొట్టిలో మందంగా ఇసుక పరిచి కూడా ఈ పని చేయించొచ్చు. కానీ దాన్ని కెలికితే కుళ్లిన గుడ్డు వాసనతో విషవాయువు వస్తుంది. చేపలున్న చిన్న తొట్టికి నేనది చెప్పను.

నేను చెప్పేది మొక్కల దారి. తొట్టి పక్కన ఓ చిన్న కాలవలో కంకర పోసి, తూటికూర నాటి, నీళ్లు అందులోంచి తిప్పండి. కోసుకున్న ప్రతి కట్టతో అంత నత్రజని బయటికి పోతుంది. గుర్రపుడెక్క కూడా బాగా పీలుస్తుంది, కాకపోతే తీసి కంపోస్టులో వెయ్యాలి, అక్కడే కుళ్లితే పీల్చిందంతా తిరిగొస్తుంది. మనకు ఇష్టమైన అజొల్లాని మాత్రం ఇందుకు నమ్ముకోకండి. దాని ఆకులో ఉండే జీవి గాలిలోంచే నత్రజని పట్టుకుంటుంది, నీళ్లలో ఉన్నదాని మీద దానికి ఆధారం తక్కువ.

ఇక మామిడి సంగతి. కాయ బఠాణీ గింజంత అయ్యాక ఈ నీళ్లు చెట్టుకు మంచి బలమే. చిక్కంతా పూతకు ముందు రెండు మూడు నెలలు. అప్పుడు బంగినపల్లైనా చిన్నరసమైనా నీళ్లు ఆపి బెట్టకు వదులుతాం. తొట్టి నిండిందని ఆ రోజుల్లో పాదుల్లోకి వదిలితే నీరూ నత్రజనీ రెండూ అందుతాయి. పూత రావాల్సిన కొమ్మకు ఎర్ర చిగురు వస్తుంది. ఏడాది పంట పోయినట్టే. "పూతకు పొటాషియం నైట్రేట్ కొడతారు కదా" అని అడుగుతారు. అది ముదిరిన ఆకు మీద లీటరుకు 10 గ్రాములు, మొగ్గ కదలడానికి. వేరుకి నీళ్లతో నత్రజని ఇవ్వడం వేరు. కాబట్టి ఆ నెలల్లో తొట్టి నీళ్లకు అరటి, నేపియర్ గడ్డి, పెరటి కూరల వైపు, మామిడి వేళ్లకు దూరంగా ఒక లైను వేసుకోండి. చలికి చేపలు తినేదీ తగ్గుతుంది, మేత తగ్గించండి. వాగులోకి మాత్రం వదలొద్దు. మన తమ్మిలేరు చివరికి చేరేది కొల్లేరుకే.

నీళ్లు మార్చే ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. అందులోనే లీటరుకు 40 ఉంటే ఎన్నిసార్లు మార్చినా అంతకంటే తగ్గదు. రిపోర్టులో "నైట్రేట్" అని ఉందా, "నైట్రేట్ నైట్రోజన్" అని ఉందా చూడండి. రెండోదైతే 4.43తో గుణించాలి. మీ ఇంట్లో తాగేదీ ఆ బోరు నీళ్లే అయితే, భారతీయ ప్రమాణం ప్రకారం 45 దాటకూడదు. ఆరు నెలల్లోపు పసిబిడ్డకు పాలు కలిపే నీళ్ల విషయంలో ఇది ప్రాణం మీదకొచ్చే సంగతి, రక్తంలో ప్రాణవాయువు అందక బిడ్డ నీలంగా మారుతుంది. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టర్ ఆపదు. ఆర్వో తగ్గిస్తుంది, కానీ దాని పైపులోంచి పోయే వృథా నీళ్లలో నైట్రేట్ ఎక్కువగా ఉంటుంది. వాటిని చేపల తొట్టిలో పొయ్యకండి.