సూది కన్నా ముందు ఆరె

జాకెట్టు కుట్టేటప్పుడు చంక దగ్గర కుట్టు తప్పిందనుకోండి, ఏం చేస్తాం? బ్లేడుతో విప్పేసి, గుడ్డని గోటితో నాలుగుసార్లు గీకి, మళ్లీ కుడతాం. పాత సూది కంతలు ఒక్క ఉతుకుతో మూసుకుపోతాయి. ఆ ధైర్యంతో తోలు ముట్టుకోకండి అమ్మాయిలూ. తోలుకి పడిన కంత పడినట్టే ఉంటుంది. అందుకే తోలుపనిలో ముప్పాతిక పని సూది పట్టకముందే అయిపోవాలి.

ఈ సంగతి నాకు చెప్పింది మా వీధి మలుపులో చెప్పులు కుట్టే పెద్దాయన. నేను చేసుకున్న సంచి పిడి ఊడిపోతే ఆయన దగ్గరికి పట్టుకెళ్లా. అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టు గట్టిగానే ఉందమ్మా. కంతలే మరీ దగ్గర దగ్గర పెట్టావు" అన్నారు. నిజమే, పిడి తెగింది దారం దగ్గర కాదు, కంతల వరస వెంబడి. తపాలా బిళ్లల కాగితం ఎలా చిరుగుతుందో అచ్చం అలాగే చిరిగింది. ఆయన కంతలు పొడిచే తన ఆరె తీసి, కంతకీ కంతకీ మధ్య ఎంత వదలాలో ఓ పాత చెప్పు అట్ట మీద పొడిచి చూపించారు. నేను కొలిస్తే 4 మిల్లీమీటర్లు. ఆయన కొలిచిందే లేదు, చేతికే తెలుసు.

తోలు కొనేటప్పుడే ఒకటి చూసుకోండి. చెట్టు బెరడుతో పదును చేసిన తోలా, క్రోమ్ తోలా? కోసిన అంచు లేత గోధుమరంగులో ఉండి, చుక్క నీళ్లు వేస్తే అక్కడ నల్లబడి, ఆరాక మామూలైతే అది బెరడు తోలు. మనం ఇంట్లో రంగు వేసుకోవాలంటే రంగు వేయని బెరడు తోలే కావాలి. అంచు నీలం కలిసిన బూడిదరంగులో ఉంటే చాలావరకు క్రోమ్ తోలు. మెత్తగా బాగుంటుంది గానీ ఇంట్లో వేసే రంగుని బెరడు తోలులా తాగదు.

మన ఊళ్లలో లందల్లో, అంటే తోలు పదును చేసే తొట్లలో, తోళ్లు నానబెట్టిందీ ఎక్కువగా తంగేడు బెరడుతోనే. బతుకమ్మకి పూలు కోసుకొచ్చే తంగేడే అది. ఆ చదువు మాదిగవాడల్లో తరతరాలుగా నిలిచింది. ఆ చేతుల్ని ఊరు దూరం పెట్టింది. ఇప్పుడు మనం డబ్బు కట్టి మరీ నేర్చుకుంటున్న పని అదే. ఆరె పట్టుకున్న ప్రతిసారీ నాకది గుర్తొస్తుంది, మీకూ గుర్తుండాలని చెబుతున్నా.

ఇక రంగు. ముందు రంగు, తర్వాతే జిగురు. ఈ వరస తప్పకండి. జిగురు చుక్క పడిన చోట రంగు అంటదు, ఎంత పూసినా తెల్లగా మచ్చలా కనిపిస్తుంది. చేతికున్న కొబ్బరినూనె కూడా అంతే, కాబట్టి చేతులు శుభ్రంగా కడుక్కుని, తొడుగులు వేసుకుని కూర్చోండి. తోలుని తడి స్పాంజితో ఒకసారి సమంగా తుడిస్తే రంగు గుప్పున ఒకే చోట ఇంకిపోదు. రంగుని పలచన చేసి, చిన్న గుడ్డముక్కతో గుండ్రంగా తిప్పుతూ రెండు మూడు పూతలు వేయండి. ముందు అదే తోలు తునక మీద వేసి, ఆరాక చూడండి. తడిలో కనిపించే రంగు వేరు, ఆరాక మిగిలేది వేరు.

ఒక రాత్రి ఆరనివ్వాలి. తర్వాత పాత తెల్ల బనీనుగుడ్డతో రుద్దాలి. గుడ్డకి రంగు అంటడం ఆగేదాకా రుద్దాలి. ఈ ఒక్క పని నేను బద్ధకించాను. నా మొదటి పర్సు చంకకి తగిలించుకుని మా వదిన పెళ్లికెళ్లింది. లేత గంధంరంగు వెంకటగిరి చీర. తిరిగొచ్చేసరికి నడుము పక్కన జానెడు మేర గోధుమ మరక. "పోనీలేవే" అంది పాపం. ఆ చీర మళ్లీ కట్టగా నేను చూడలేదు. అందుకే చెబుతున్నా, రుద్దాక పలచగా నూనె పట్టించి, పైన సీలు పూత వేశాకే ఎవరికైనా ఇవ్వండి.

నలుపు కావాలంటే రంగు డబ్బా కూడా అక్కర్లేదు. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీత ఎలా వస్తుందో తెలుసుగా? తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడతారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఆ నీళ్లతో గీస్తే గీత నల్లగా తేలుతుంది. కరక్కాయలోని వగరుకీ ఇనుముకీ కుదిరే చుట్టరికం అది. బెరడు తోలులోనూ ఆ వగరే ఉంది. తుప్పుపట్టే ఇనప పీచుని సబ్బుతో కడిగి, జిడ్డు పోయాక గాజుసీసాలో వెనిగర్ పోసి వేయండి. మూత బిగించొద్దు, లోపల గ్యాసు పుడుతుంది. పొయ్యికి దూరంగా ఉంచి, కొన్నిరోజుల తర్వాత వడగట్టుకోండి. బ్రష్షుతో రాస్తే తోలు ముందు బూడిదరంగుకి తిరిగి, చూస్తుండగానే నల్లబడుతుంది. తోలు మీద వేసిన రంగు కాదు, తోలే నల్లబడటం. మొదటిసారి చూసినప్పుడు నా ఒళ్లు పులకరించింది. తర్వాత తినేసోడా కొద్దిగా కలిపిన నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె పెట్టండి. లేకపోతే తోలు పెళుసెక్కుతుంది.

జిగురు గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. చెప్పుల పనికి వాడే రబ్బరు జిగురు చాలు. నునుపు వైపు అతికించాల్సి వస్తే, అతుకు పడే మేర మాత్రం గరుకు కాగితంతో గీకండి. రెండు ముక్కలకీ పలచగా రాసి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. వేలు పెడితే అంటకూడదు, అప్పుడు అతకాలి. తడిమీద అతికితే జారిపోతుంది. ఒకసారి కలిశాక జరపడం కుదరదు, కాబట్టి ఒక మూల నుంచి చూసుకుంటూ ఆనించి, పైన చిన్న సుత్తితో తట్టండి. కిటికీ తెరిచి, వంటింటికి దూరంగా కూర్చుని చేయండి. ఆ ఘాటు తలకెక్కుతుంది, నిప్పంటే భగ్గుమంటుంది కూడా.

ఇక కుట్టు. అంచు నుంచి 3, 4 మిల్లీమీటర్ల లోపలికి గీత గీసి, పళ్లున్న ఉలితో గుర్తులు కొట్టి, ఆరెతో కంతలు పొడవండి. దారం కుట్టు పొడవుకి నాలుగింతలు తీసుకుని, మైనం మీద రెండుసార్లు లాగండి. రెండు కొసలకీ రెండు మొండి సూదులు. ప్రతి కంతలోంచీ రెండు సూదులూ ఎదురెదురుగా దూరాలి. మిషను కుట్టులో ఒక పోగు తెగితే వరస ఊడుతూ పోతుంది. ఇందులో ఒక పోగు తెగినా రెండోది పట్టుకునే ఉంటుంది. ఏ చేతి సూది ముందు దూర్చారో చివరిదాకా ఆ చేతి సూదే ముందు దూర్చండి, అప్పుడే కుట్లన్నీ ఒకే వాలులో పడతాయి. రెండో సూది దూర్చేటప్పుడు మొదటి దారాన్ని గుచ్చకుండా పక్కకి లాగి పట్టుకోండి. చివర మూడు కంతలు వెనక్కి కుట్టి కోసేయండి. పాలిస్టర్ దారమైతే కొసని అగ్గిపుల్లతో కాస్త కరిగించి నొక్కండి.

మా పెద్దాయన ఇచ్చిన చెప్పు అట్ట నా పెట్టెలోనే ఉంది. కొత్త పని మొదలెట్టేముందు ఆ కంతల మీద వేలు పెట్టి చూసుకుని, అప్పుడు పళ్ల ఉలి తీస్తాను.