పాత గోడ ఇటుకలు

చదువవలసిన భాగములు: నెహెమ్యా 4:1-10, లేవీయకాండము 14:33-45

పంటలు ఇల్లు చేరిన తరువాత మన గ్రామములలో ఇండ్ల మరమ్మతులు మొదలగును. పెంకుటిల్లు విప్పి డాబా వేయుదురు. పాత వసారా తీసి గది కట్టుదురు. అప్పుడు ముంగిట గుట్టగా పడిన ఇటుకలను ఏమి చేయవలెనను ప్రశ్న పుట్టును. అన్నియు పనికిరావని బండికెత్తి చెరువుగట్టున పోయించువారు కొందరు. ఒక్కటియు పోనీయక అన్నిటిని మరల గోడలో పెట్టించువారు కొందరు. ఈ రెండు తెగలవారును ఇటుకను పరీక్షింపనివారే.

యెరూషలేము గోడ విషయములో సన్బల్లటు చేసిన ఎగతాళి మనకు తెలియును. మంటకు కాలి కుప్పలో పడియున్న రాళ్లకు వీరు ప్రాణము పోయుదురా అని అతడు హేళన చేసెను. ఇక్కడ ఒక సంగతి గమనించుదము. ఆ ప్రాంతపు రాయి సున్నపురాయి. అది గట్టి మంటలో చాలసేపు కాలినచో పొడియై పోవును. కాబట్టి శత్రువు మాటలో కొంత నిజము లేకపోలేదు. యూదావారు కూడ చెత్త మిక్కుటముగా నున్నదనియు, మోయువారి బలము తగ్గినదనియు చెప్పుకొనిరి. అయినను గోడ 52 దినములలో పూర్తియాయెను. వెదకి ఏరుటయే ఆ పనిలో పెద్ద భాగమై యుండునని మనము తలంచుచున్నాము.

లేవీయకాండములో మరియొక ఇల్లు కలదు. గోడకు పొడ పట్టినప్పుడు యాజకుడు వచ్చి చూచి, ఇంటిని ఏడు దినములు మూయించును. మరల చూచి, పొడ వ్యాపించినచో ఆ రాళ్లను మాత్రము ఊడదీయించి ఊరివెలుపల పారవేయించును. వాటి చోట వేరు రాళ్లు పెట్టించిన తరువాత పొడ తిరిగి వచ్చినచో, ఇల్లంతయు పడగొట్టవలెను. చూడక పారవేయుమని గాని, చూడక ఉంచుకొనుమని గాని దేవుడు చెప్పలేదు.

ఇటుకను చూచుట ఎట్లు? మట్టితో గాని గానుగ సున్నముతో గాని కట్టిన గోడ సులువుగా విడివడును. సిమెంటు పట్టిన ఇటుకలు తరచుగా సుత్తి దెబ్బకు ముక్కలగును. వాటితో ప్రయాసపడుట దండుగ. గోడను త్రోసి కూల్చరాదు. పైవరుస మొదలుకొని విప్పి, చేతినుండి చేతికి అందించుకొనవలెను. అంటిన సున్నమును ఉలితో గీకునప్పుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనుడి. రెండు ఇటుకలను ఒకదానితో ఒకటి తట్టినచో ఖంగుమని మ్రోగవలెను. నడుమెత్తునుండి నేలపై విడిచినచో పగులరాదు. ఒక దినమంతయు నీటిలో నాననిచ్చి తూచినచో, ఎండు బరువుపై అయిదవ వంతుకు మించి పెరుగరాదు. అనగా 3 కిలోల ఇటుక 3 కిలోల 600 గ్రాములు దాటరాదు. తెల్లగా చౌడు పట్టినదానిని సున్నము పూసి దాచినను, తేమ తగిలినప్పుడు ఉప్పు పైకి వచ్చి పూతను రాల్చును.

మ్రోగని ఇటుకను బరువు మోయు గోడలో పెట్టించి, ఆ గోడ ప్రక్కన పిల్లలను పండుకొనబెట్టుట పొదుపు కాదు. ఇంటివలన ప్రాణహాని కలిగి ఆ దోషము ఇంటివారి మీదికి రాకుండుటకే మిద్దెకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22:8 చెప్పుచున్నది.

మందిరపు గోడ విప్పినప్పుడు ఇంకొక మాట. ఆ ఇటుకలు కాపరివి కావు, పెద్దలవి కావు, సంఘమువి. లెక్కించి పుస్తకములో వ్రాసి, అమ్మినదెంతో ఇచ్చినదెంతో అందరి యెదుట చదువుట మేలు. రెండు వందల ఇటుకలకై సహోదరులు మాటలాడుకొనుట మానిన సంఘములు లేకపోలేదు. విధవరాలి ఇంటికి ఇచ్చునప్పుడు మ్రోగనివాటిని ఏరి పంపుదురేమో, జాగ్రత్త! కుంటిదానిని, గ్రుడ్డిదానిని బలిగా తెచ్చినవారితో మలాకీ ప్రవక్త (1:8) ఏమి పలికెనో చదువుడి.

మిగిలిన ముక్కలు గచ్చు క్రింద పరచుటకు పనికివచ్చును. పాత ఇటుకల కొలత నేటివాటికి సరిపడదు గనుక ఒకే వరుసలో రెంటిని కలపవద్దు. కట్టుటకు ముందు వాటిని బాగుగా నానబెట్టుడి. ఎండు ఇటుక అడుసులోని నీటిని పీల్చివేయును, అతుకు పట్టదు.