డీజిల్ మెకానిక్: లోపం పట్టేవాడికే గిరాకీ

వర్జీనియాలోని షాంటిలీలో రూట్ 28 మీద పొద్దున్నే చూస్తే కంకర, కాంక్రీటు మోసుకెళ్లే టర్బో డీజిల్ ట్రక్కులు కనిపిస్తాయి. పక్కనే లౌడన్ కౌంటీలో డేటా సెంటర్లు లేస్తున్నన్నాళ్లూ ఈ బళ్లకు విశ్రాంతి ఉండదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో మాట్లాడుకునేది ఆ డేటా సెంటర్ల లోపలి ఉద్యోగాల గురించే. ఈ బళ్లను బాగుచేసే కొలువు ఊసు ఎవరూ ఎత్తరు. యంత్రాలంటే ఇష్టపడే పిల్లలకు ఈ దారి చూపించకపోవడం అన్యాయం.

ఈ పనిలో అసలు విలువ పార్టు మార్చడంలో లేదు, లోపం పట్టుకోవడంలో ఉంది. ఒక ట్రక్కు సంగతి చూద్దాం. ఖాళీగా ఉంటే బాగానే పోతోంది. లోడుతో ఐ-66 మీద ఫ్రంట్ రాయల్ వైపు ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం లాగదు, నల్ల పొగ కక్కుతుంది. స్కాన్ టూల్ పెడితే పీ0299 కోడ్ వచ్చింది. అంటే రావాల్సినంత బూస్ట్, అంటే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి పీడనం, రావడం లేదు. ఎందుకు రావడం లేదో కోడ్ చెప్పదు. అది చూసి వెంటనే టర్బో మార్చేస్తే యజమానికి పెద్ద ఖర్చు, లోపం మాత్రం అలాగే ఉండిపోవచ్చు.

నల్ల పొగ వస్తోందంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదన్నమాట. పొగ లేకుండా పవర్ తగ్గితే ముందు డీజిల్ ఫిల్టర్ చూడాలి. ఇక్కడ పొగ ఉంది కాబట్టి గాలి వచ్చే దారి వెంటే వెళ్లాలి. మొదట ఎయిర్ ఫిల్టర్. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి, బూస్ట్ సెన్సర్ చూపే పీడనాన్ని వాతావరణ పీడనంతో పోల్చాలి. ఇంజిన్ తిరగనప్పుడు రెండూ దాదాపు ఒకటే ఉండాలి, షాంటిలీ ఎత్తులో 100 కిలోపాస్కల్స్ దగ్గర. తేడా బాగా ఉంటే అనుమానం సెన్సర్ మీదే. ఈ పరీక్షకు ఒక్క బోల్టు కూడా విప్పక్కర్లేదు.

సెన్సర్ బాగుంటే ఇక టర్బోకీ ఇంజిన్‌కీ మధ్య ఉన్న పైపులు, ఇంటర్‌కూలర్. బండి ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు బూస్ట్ పెద్దగా ఉండదు, అందుకే లీకు బయటపడదు. రెండు చివరలా మూతలు బిగించి, వాటికి సేఫ్టీ గొలుసులు కట్టి, గాలి నింపి చూడాలి. హెవీ ట్రక్కులకు సాధారణంగా వాడే లెక్క ప్రకారం 30 పీఎస్ఐ నింపి గాలి ఆపాక 15 సెకన్లలో 5 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. పడిపోతే సబ్బు నీళ్లు చల్లాలి. క్లాంపు కింద రబ్బరు హోస్ చీలిన చోట బుడగలు లేస్తాయి. చాలాసార్లు ఆ చుట్టూ నూనె జిడ్డు కూడా పట్టి ఉంటుంది. అవన్నీ సరిగ్గా ఉన్నాకే టర్బో షాఫ్ట్‌లో లూజు, మసి పట్టి బిగుసుకున్న టర్బో వేన్లు, పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్, పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ చూడాలి.

ఈ క్రమం ఒంటబట్టాలంటే చదువూ కావాలి, షాపులో చేతిపనీ కావాలి. షాంటిలీ హైస్కూల్‌లోనే ఉన్న షాంటిలీ అకాడమీలో ఆటోమోటివ్ టెక్నాలజీ కోర్సులున్నాయి. హైస్కూల్ అయ్యాక నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీలో కొనసాగించవచ్చు. మెకానిక్‌లకు సర్టిఫికెట్ ఇచ్చే ఏఎస్ఈ సంస్థ పరీక్షల్లో హెవీ ట్రక్కుల డీజిల్ ఇంజిన్లకు టీ2, చిన్న బళ్ల డీజిల్‌కు ఏ9. పూర్తి సర్టిఫికెట్‌కు మామూలుగా రెండేళ్ల అనుభవం అడుగుతారు. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో 2024లో డీజిల్ టెక్నీషియన్ల మధ్యస్థ వార్షిక వేతనం 60 వేల డాలర్ల పైచిలుకు.

ఒక హెచ్చరిక. హెచ్-1బీ వీసా డిగ్రీ తప్పనిసరైన ప్రత్యేక వృత్తులకు ఇచ్చేది, మెకానిక్ కొలువుకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. ఇక్కడ పని చేసే అనుమతి ఉన్నవాళ్లకే ఈ దారి. ఆంధ్ర, తెలంగాణల్లోని విద్యార్థులకు పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడ్ ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమలయ్యాక విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే కొత్త లారీల్లోనూ ఈ సెన్సర్లే, డీపీఎఫ్‌లే. స్కాన్ టూల్ చదవగలిగే మెకానిక్ అవసరం అక్కడా ఉంది.

షాంటిలీ తల్లిదండ్రులకు ఒక మనవి: వచ్చే ఏడాది కోర్సుల ఎంపికకు ముందు, మీ పిల్లల స్కూల్ కౌన్సిలర్‌ను అకాడమీ సీట్ల గురించి ఒకసారి అడగండి.